కొత్తవాడ తివాచీ మీద మా పిల్లి పెత్తనం

ఇల్లంతా ఉండగా మా పిల్లికి మూత్రం పోయడానికి అమ్మ వరంగల్‌లోని కొత్తవాడలో కొన్న తివాచీయే కావాలి. వరంగల్ డర్రీకి, అంటే ఈ నూలు తివాచీకి, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని దానికేం తెలుసు! ఎండాకాలమంతా ఊరుకున్న కంపు మొదటి వానకే గుప్పుమంటుంది. మూత్రంలోని యూరిక్ ఆమ్లం స్ఫటికాలై నూలులో దాక్కుంటుంది; మామూలు నీటికి సరిగా కరగదు, తేమ తగిలితే మళ్లీ లేస్తుంది. అగరొత్తులు దండగ. ఫినాయిల్ పిల్లులకు హానికరం, దాన్ని ఇంట్లోకే రానివ్వను.

తడి ఆరకముందే పాత పంచె ముక్కతో అద్దాలి, రుద్దితే ఇంకా లోపలికి దిగుతుంది. తర్వాత మూత్రపు మరకను విడగొట్టే ఎంజైమ్ ద్రావణం అడుగు వైపుకూ ఇంకేలా పోసి, సీసా మీద చెప్పినంతసేపు ఆరనివ్వకుండా ఉంచాలి. ముందు ఓ మూల చుక్క వేసి రంగు పోతుందేమో చూసుకోండి. వేడినీళ్లు వద్దు. మేడమీద మండుటెండలో ఆరేయాలని అమ్మ పట్టు. ఎరుపు వెలిసిపోతుందని నేను నీడకే లాగుతాను.