పసుపు కింద నల్ల చార

కాలి బొటనవేలి గోరు నల్లబడిందంటే మన వైపు ముగ్గురు మూడు మాటలు చెబుతారు. దెబ్బ తగిలి రక్తం గడ్డకట్టిందని ఒకరు, పిప్పిగోరని ఒకరు, ఎప్పుడూ తడిలో నానుతుంటే అంతేనని ఇంకొకరు. నా విషయంలో మూడూ సరిపోయేవే. విజయవాడ సత్యనారాయణపురంలో మాది కర్రీ పాయింట్. పొద్దున్నే కాళేశ్వరరావు మార్కెట్ నుంచి కూరగాయలు వచ్చిన దగ్గర్నుంచి రాత్రి గిన్నెలు కడిగి గచ్చు మీద నీళ్ళు కొట్టేదాకా నా కాళ్ళు ఆరవు. గ్యాస్ సిలిండర్ దొర్లిస్తుంటే దాని అంచు వేలి మీద పడటమూ మామూలే. క్యాన్సర్ అనే నాలుగో మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఆడవాళ్ళ కాళ్ళ మీద గోరు రంగు మారితే పట్టుకోవడం మరీ కష్టం. శుక్రవారం పసుపు, పేరంటాలకి పసుపూ పారాణీ, ఆషాఢం వస్తే గోరింటాకు. గోరు పచ్చగా ఉంటే పసుపు అంటుకుందనుకుంటాం, గోధుమరంగుకి తిరిగితే గోరింటాకు పండిందనుకుంటాం. నా కుడి బొటనవేలి గోరు బయటి మూల పసుపుపచ్చగా మందమెక్కి, కత్తిరిస్తే సున్నంలా పొడి రాలేది. దాని పక్కనే గోరు మొదలు నుంచి కొనదాకా ముదురు గోధుమరంగు చార. మిగతా వేళ్ళకి ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు, గోరు పెరిగేకొద్దీ ముందుకి జరిగి, మొదట్లో తెల్లగా కొత్త గోరు వచ్చింది. ఈ చార అలా జరగలేదు. మొదట్లోనే చిక్కగా ఉంది.

మొదట చూపించుకున్న చోట డాక్టరు బల్ల అవతల నుంచే చూసి, ఫంగస్ అని ఆయింట్‌మెంట్ రాసిచ్చారు. వేలు పట్టుకుని చూడలేదు. ఆ రాత్రి మా అమ్మాయి వీడియో కాల్‌లో "అమ్మా, కాలు కెమెరాకి దగ్గరగా పెట్టు" అంది. చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బాబ్ మార్లే అనే గాయకుడి సంగతి చెప్పింది. ఆయనకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద మెలనోమా అనే స్కిన్ క్యాన్సర్ బయటపడింది. ఫుట్‌బాల్ ఆడుతుంటే తగిలిన దెబ్బేనని అంతకుముందు అనుకున్నారట. 1981లో పోయాడు, ముప్పై ఆరేళ్ళకే. "నువ్వు స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తావా, నన్ను రమ్మంటావా?" అని అడిగింది. పక్క నుంచి మావారు "నువ్వు రానక్కర్లేదమ్మా, నేను తీసుకెళ్తాను" అన్నారు. అన్నారే గానీ ఆ రాత్రి ఆయన కూడా నిద్రపోలేదు.

సూర్యారావుపేటలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. పసుపు, గోళ్ళరంగు ఏవీ లేకుండా రమ్మని ముందే ఫోన్లో చెప్పారు. లోపలికి వెళ్ళగానే స్పిరిట్ దూదితో గోరు తుడిచి, ఆ ఒక్క వేలే కాకుండా చేతులవీ కాళ్ళవీ గోళ్ళన్నీ వరసగా చూశారు. ఎందుకండీ అని అడిగితే చెప్పారు: మనలాంటి ఛామనఛాయ, నలుపు చర్మం వాళ్ళకి వయసు పెరిగేకొద్దీ గోళ్ళలో గోధుమరంగు చారలు రావడం మామూలేనట. అవి సాధారణంగా నాలుగైదు గోళ్ళలో కనిపిస్తాయి, ఏళ్ళ తరబడి అలాగే ఉంటాయి. యాభై దాటాక ఒకే ఒక్క గోట్లో, అందులోనూ చేతి బొటనవేలికో కాలి బొటనవేలికో కొత్తగా చార వస్తే దాన్ని వదలకూడదు. నాకు చార ఆ ఒక్క గోట్లోనే ఉంది.

తర్వాత డెర్మోస్కోప్ అనే చిన్న లైటున్న భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. గోరు మొదట్లోని చర్మం మీదకి రంగు పాకిందేమో ముందు అదే వెతికారు. రంగు గోరు దాటి చర్మంలోకి వస్తే దాన్ని హచిన్సన్ గుర్తు అంటారట, అది ఉంటే అనుమానం బలపడుతుంది. నాకు లేదు. సిలిండర్ దెబ్బ సంగతి చెబితే, రక్తం గడ్డయితే ఊదా ఎరుపు చుక్కల్లా కనిపిస్తుందని, గోరుతో పాటు ముందుకి జరిగి కత్తిరింపులో పోతుందని, ఇది అలాంటిది కాదని అన్నారు.

ఫంగస్‌కీ క్యాన్సర్‌కీ తేడా ఆవిడ కాగితం మీద గోరు బొమ్మ గీసి చూపించారు. ఫంగస్ ఎక్కువగా గోరు కొన నుంచో పక్క మూల నుంచో లోపలికి వస్తుంది. గోరు మందమవుతుంది, పెళుసెక్కుతుంది, కింద పొడి చేరుతుంది. కొన్ని ఫంగస్‌లు నల్లగా కూడా మారుస్తాయి, కానీ అప్పుడు నలుపు కొన దగ్గర వెడల్పుగా ఉండి మొదలు వైపు సన్నబడుతుంది. మెలనోమా పుట్టేది గోరు తయారయ్యే మొదట్లో, రంగు చేసే కణాల్లో. అందుకే చార మొదలు నుంచి వస్తుంది, అది పెరుగుతుంటే మొదట్లోనే వెడల్పవుతుంది. చార మూడు మిల్లీమీటర్లు దాటినా, అంచులు అలుక్కుపోయినట్టున్నా, ఒకే చారలో రెండు మూడు రంగులున్నా, నెలల్లో మారుతున్నా జాగ్రత్త పడాలి. ఎండ తగలని చోట స్కిన్ క్యాన్సర్ ఏమిటని మావారు అడిగారు. అరచేతులు, అరికాళ్ళు, గోళ్ళ కింద వచ్చే రకానికి ఎండతో పెద్దగా సంబంధం లేదని, మనలాంటి వాళ్ళలో మెలనోమా వస్తే ఎక్కువగా వచ్చేది ఆ చోట్లేనని చెప్పారు.

గోరు ముక్క కత్తిరించి ల్యాబ్‌కి పంపారు. ఫంగస్ ఉందని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం చూసి నేను దణ్ణం పెట్టుకున్నాను. మావారు మాత్రలు రాయమన్నారు. ఆవిడ రాశారు గానీ అక్కడితో ఆగలేదు. "ఫంగస్ ఉందంటే రెండోది లేదని కాదమ్మా. రెండూ ఒకే గోట్లో ఉండొచ్చు. మూల ఫంగస్‌దే, ఒప్పుకుంటాను. ఈ చార ఎవరిదో నాకింకా తెలియలేదు" అన్నారు. నా వైద్యం మొత్తంలో నేను ఆవిడకి రుణపడి ఉన్నది ఈ ఒక్క మాటకే. ఫంగస్ అని తేలగానే ఫైలు మూసేయడం చాలా తేలిక. పైగా చార సంగతి తేలాలంటే అది పుట్టే చోట చిన్న ముక్క తీసి పరీక్ష (బయాప్సీ) చేయాలి, దానికి గోరు మొదలు కోయాలి, గోరు మళ్ళీ సరిగ్గా రాకపోవచ్చు. అన్నీ వివరంగా చెప్పి, ఒప్పుకుంటేనే చేస్తానన్నారు. ఒప్పుకున్నాను.

వేలి మొదట్లో రెండు వైపులా మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడిపించింది అదొక్కటే. తర్వాత రక్తం రాకుండా రబ్బరు బిగించి, గోరు మొదట్లోని చర్మం వెనక్కి మడిచి, చార పుట్టే చోట పలుచటి పొర తీశారు. నాకు లాగుతున్నట్టు తెలిసింది గానీ నొప్పి లేదు. చిన్న సీసాలో ఆ పొర కనీకనిపించకుండా ఉంది. మత్తు వదిలాక వేలు గుండెతో పాటు కొట్టుకుంది, కాలు దిండు మీద పెట్టుకుని పడుకున్నాను. కొట్టు మావారూ మా వదినా చూసుకున్నారు. వరలక్ష్మీ వ్రతం నాడు కట్టుతోనే పేరంటాళ్ళకి తాంబూలాలిచ్చాను. వదిన నా ఎడమ కాలికి పసుపు రాసి, కుడి కాలు ముట్టుకోకుండా వదిలేసింది.

రిపోర్టులో మెలనోమా లేదు. రంగు చేసే కణాలు ఎక్కువ పనిచేస్తున్నాయి, అంతే, అవి క్యాన్సర్ కణాలు కావు. పదే పదే తగిలే దెబ్బలకీ, చెప్పు ఒరిపిడికీ, ఫంగస్‌కీ అలా జరుగుతుందట. డాక్టరమ్మ ఇంగ్లీషులో ఉన్న ఆ లైను మీద వేలు పెట్టి రెండుసార్లు చదివి వినిపించారు. మావారు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయారు.

ఇక ఫంగస్ వైద్యం. మామూలు క్రీములు గోరు లోపలికి పెద్దగా దిగవు కాబట్టి మాత్రలే మేలైన దారి. లివర్ పరీక్ష చేయించి టెర్బినఫిన్ 250 మిల్లీగ్రాములు రోజుకొకటి మొదలుపెట్టారు. కాలి గోళ్ళకి 12 వారాలు వాడతారు. కొన్నాళ్ళకి నా నోటికి రుచి పోయింది. పప్పుచారులో ఉప్పుందో లేదో తెలియదు, గోంగూర పులుపు కూడా తగల్లేదు. వంట అమ్ముకుని బతికేదాన్ని, భయమేసింది. ఫోన్ చేస్తే వెంటనే ఆపేయమన్నారు. ఈ మందుతో కొందరికి అలా అవుతుందని, మెల్లగా రుచి తిరిగి వస్తుందని చెప్పి, తర్వాత ఇట్రాకొనజోల్‌కి మార్చారు, నెలలో వారం వాడి మిగతా రోజులు ఆపే పద్ధతిలో. రుచి తెలిసేదాకా కూరల్లో ఉప్పు చూసింది మావారే.

కాలి గోరు నెలకి మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర కంటే పెరగదు. బొటనవేలి గోరు పూర్తిగా మారాలంటే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. మందుల కోర్సు ముగిశాక కూడా పాత గోరు అలాగే ఉంటే పనిచేయలేదనుకోకూడదు, మొదట్లో కొత్తగా వచ్చేది ఎలా ఉందో చూడాలి. నాకు మొదట్లో శుభ్రమైన గోరు వచ్చింది, మధ్యలో చిన్న గాడి ఉంది. చార కూడా సన్నగా మళ్ళీ కనిపిస్తోంది. అలా రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పారు, మూడు నెలలకోసారి స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి పోల్చి చూస్తున్నారు. వెడల్పయినా, చర్మం మీదకి పాకినా ఆ మూడు నెలలు ఆగకుండా వచ్చేయమన్నారు. పసుపు రాసుకునే ముందు కాళ్ళు కడిగి ఆరబెట్టుకుని, వెలుతురులో గోళ్ళన్నీ చూసుకుంటున్నాను. వదిన గోళ్ళు కూడా నేనే చూస్తున్నాను.