కాన్సాస్‌లో పొలం కొన్నాక సీఆర్‌పీ కాంట్రాక్టు మా పేరు మీదకి మార్చుకోవడం: నా అనుభవం

పడమటి కాన్సాస్‌లో నేనూ మా ఆవిడా కలిసి ఒక క్వార్టర్ సెక్షన్, అంటే 160 ఎకరాలు కొన్నాం. అందులో చాలావరకు సీఆర్‌పీలో ఉంది. తెలియనివాళ్ల కోసం: కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్ అని 1985 ఫార్మ్ బిల్లుతో వచ్చింది, కోతకు గురయ్యే నేలలో పంట మానేసి గడ్డి పెంచితే 10 నుంచి 15 ఏళ్ల కాంట్రాక్టు రాసుకుని ప్రభుత్వం ఏటా ఎకరానికి ఇంత అని అద్దె ఇస్తుంది. ఫోన్లో చెబితే నాన్న నమ్మలేదు, "బీడు పెట్టినందుకు డబ్బులేంట్రా?" అన్నాడు. తెలంగాణలో సాగు చేయని భూమికి డబ్బులెందుకని గొడవ, ఇక్కడేమో సాగు చేస్తే తీసుకున్నది వెనక్కి కట్టమంటారు. 1930ల్లో దుమ్ము తుఫాన్లు చూసిన ప్రాంతం మరి.

కాంట్రాక్టు నడుస్తున్న భూమి కొంటే దాన్ని మనం నెత్తికెత్తుకోవాలి. మాకిచ్చిన గడువు 60 రోజులు. మనం తీసుకోకపోతే కాంట్రాక్టు రద్దయి, అమ్మినాయన అప్పటిదాకా తీసుకున్న డబ్బు వడ్డీతో సహా కట్టాలి, అందుకే అగ్రిమెంట్లోనే ఆ షరతు రాయించాడు. ఆ ఏడాది అద్దె ఎవరికన్నది కూడా అప్పుడే రాసుకోండి, తర్వాత అడిగితే ఎవరూ తేల్చరు.

రికార్డయిన డీడ్ పట్టుకుని కౌంటీలోని ఎఫ్‌ఎస్‌ఏ (ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ, సీఆర్‌పీని నడిపే వ్యవసాయ శాఖ విభాగం) ఆఫీసుకి వెళ్తే ఫారాల కట్ట ఇచ్చారు. ఏడీ-1026 (కోతకు గురయ్యే నేలనీ చిత్తడి నేలనీ పాడుచేయమని హామీ), సీసీసీ-902 (పొలాన్ని ఎవరు ఎలా నడుపుతారో చెప్పే ఫారం), బ్యాంకు వివరాలు, కాంట్రాక్టు కొత్త ప్రతి. డీడ్ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి అన్నిట్లో ఇద్దరి సంతకాలూ కావాలి. అసలు టెన్షన్ పెట్టింది సీసీసీ-941. సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటలేదని సంతకం చేస్తే దాన్ని ఐఆర్‌ఎస్‌తో (అక్కడి ఆదాయపు పన్ను శాఖ) సరిచూస్తారు. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే కదా, డీడ్‌లో మా ఆవిడ పేరు పూర్తిగా ఉంది, ట్యాక్స్ రిటర్న్‌లో సగం తెగి ఉంది. తిరిగొచ్చింది. ఆ కబురైనా నేను ఫోన్ చేస్తేనే తెలిసింది. ఆ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులో ముగ్గురి పని ఒక్కావిడ చేస్తోంది పాపం, మెసేజ్ పెడితే తిరిగి చేసే తీరిక ఆవిడకెక్కడ. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాసి మళ్లీ పంపాం, ఈసారి దాటింది.

డబ్బు అక్టోబరు 1 తర్వాత పడుతుంది, ఏడాదికొక్కసారే. ఊరికే వస్తుందనుకోకండి. నడుమెత్తు బ్లూస్టెమ్ గడ్డిలో మోకాలెత్తు సెడార్ మొక్కలు దాక్కుని ఉంటాయి, వాటిని మొదలంటా నరకాలి, మస్క్ తిజిల్ ముళ్లమొక్క పూతకు రాకముందే మందు కొట్టాలి. అలాగని ఎప్పుడు పడితే అప్పుడు కోసేయడానికి లేదు, ఏప్రిల్ 15 నుంచి జూలై 15 వరకు పక్షులు గూళ్లు పెట్టే కాలం, అప్పుడు యంత్రం దించకూడదు. కాంట్రాక్టు మధ్యలో ఒకసారి గడ్డి తగలబెట్టడమో పైపైన డిస్కు (నేల కదిలించే పళ్లేల పనిముట్టు) తిప్పడమో కాంట్రాక్టు తాలూకు ప్లాన్‌లో రాసి ఉంటుంది, కొనేముందు ఆ ప్లాన్ కాపీ అడిగి చూడండి, ఆ పని చేశారో లేదో కూడా. మాది ఇంకా చేయలేదు, ఈ వసంతంలో తగలబెట్టించాలి. పక్క పొలమాయన దగ్గర నీళ్ల ట్యాంకు ఉంది, తనూ వస్తానన్నాడు.