నొప్పి నిజమే పిన్నీ

మొన్న ఆదివారం తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసి, మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడ్చేసింది. ఆరేళ్లుగా మెడ, భుజాల నొప్పితో ఆవిడ ఎక్కని ఆస్పత్రి మెట్టు లేదు, మింగని మాత్ర లేదు, వావిలాకు కాపడం దగ్గర్నుంచి కరెంటు పెట్టించుకోవడం దాకా అన్నీ అయ్యాయి. ఇప్పుడు చూస్తున్న కొత్త డాక్టరు మందులు కొన్ని తగ్గించి, ఒకసారి సైకాలజిస్ట్‌ని కూడా కలవమన్నాడట. "ఏమే అమ్మాయ్, అంటే నేను లేని నొప్పి నటిస్తున్నాననేగా? నాకేమన్నా పిచ్చా?" అంది.

ఆ బాధ నాకు తెలుసు. 2019 వేసవిలో నీళ్ల క్యాను ఎత్తబోయి నాకు నడుము పట్టేసింది. నెలలో తగ్గిపోతుందన్నారు, ఏడాది గడిచినా తగ్గలేదు. ఒక డాక్టరు రిపోర్టులు తిరగేసి, తలెత్తకుండానే "పెద్దగా ఏం లేదమ్మా, అంతా మీ మనసులోనే ఉంది, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపించేశారు. బయటికొచ్చి, బస్టాపులో కూర్చోలేక నిలబడలేక, స్తంభం పట్టుకుని ఏడ్చాను. ఆ తర్వాత చాలా రోజులు మనసు అనే మాట ఎవరెత్తినా ఒళ్లు మండిపోయేది. పిన్నికి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయినవన్నీ అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నొప్పి మనసులోనే ఉంది అనడం వేరు, నొప్పి మెదడులో తయారవుతుంది అనడం వేరు. కాలికి ముల్లు గుచ్చుకున్నా, పన్ను పోటెత్తినా, ఆ కబురు మెదడుకి చేరాకే అది నొప్పి అవుతుంది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉంటుందని, కింది నుంచి వచ్చే కబురు ఎంత పైకి పోవాలో అది సర్దుతుందని, మెదడు కూడా పైనుంచి ఆ గేటును తెరుస్తూ మూస్తూ ఉంటుందని చెప్పారు. ఆ సిద్ధాంతంలో కొన్ని వివరాలు తర్వాత మారాయి గానీ, మెదడుకి నొప్పి మీద అదుపు ఉందన్న మాట నిలబడింది. పడ్డ పిల్లాడి మోకాలు రుద్ది ఉఫ్ అని ఊదితే ఏడుపు ఆగుతుందే, అది ఉత్తినే కాదు. అలాగే భయం, దిగులు, నిద్ర లేకపోవడం నొప్పిని పెంచుతాయి.

మూడు నెలలు దాటినా ఉండిపోయే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. అప్పటికి చాలామందిలో మొదటి దెబ్బ మానిపోయి ఉంటుంది, నరాల వ్యవస్థ మాత్రం ఒకసారి దొంగ పడ్డ ఇంటి కుక్కలాగా ఆకు కదిలినా మొరుగుతుంది. ఆ మొరగడం అబద్ధం కాదు, రాత్రంతా నిద్ర లేకుండా చేస్తుంది, దొంగ మాత్రం లేడు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, తనకు నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని కూడా రాసింది. పిన్నీ, ఆ వాక్యం నీకోసమే.

నన్ను అన్నిటికన్నా భయపెట్టింది ఎమ్మారై రిపోర్టులో ఉన్న "డిస్క్ బల్జ్" అనే మాట, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల కాస్త బయటికి ఉబ్బడం. అది చదివిన రోజు నుంచి వంగడం మానేశాను, కింద కూర్చోవడం మానేశాను, మా చెల్లి కొడుకుని ఎత్తుకోవడం మానేశాను. నొప్పి ఏమాత్రం లేని 3,110 మంది స్కాన్ల ఫలితాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. వాళ్లలో 20 ఏళ్ల వయసు వాళ్లలోనే 30 శాతం మందికి, 50 ఏళ్ల వాళ్లలో 60 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది! ఈ సంగతి నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఎన్ని నెలలు మిగిలేవో.

ఈ సంగతి చెప్పింది చివరికి ఒక క్లినికల్ సైకాలజిస్ట్. నేనైతే ఏవో ప్రశ్నలడిగి, ధైర్యంగా ఉండమని పంపించేస్తారనుకున్నాను. ఆవిడ ఒక నోటుబుక్కు తెమ్మని, వారం రోజులు ఏ పని ఎంతసేపు చేశాను, తర్వాత ఎంతసేపు పడుకున్నాను, ఆ సమయంలో ఏమనుకున్నాను రాయమన్నారు. రాసి చూసుకుంటే కనపడింది. నొప్పి తక్కువున్న రోజు అటక మీద సామాన్లన్నీ దించి దులపడం, తర్వాత మూడు రోజులు మంచం మీద పడి "ఇక నా బతుకింతే" అనుకోవడం, మళ్లీ కాస్త తేలిక పడగానే బట్టల మూటలన్నీ ముందేసుకోవడం. దీనికి మందు, నొప్పిని బట్టి కాకుండా గడియారాన్ని బట్టి పని చేయడమే. సియాటిల్‌లో విల్బర్ట్ ఫోర్డైస్ అనే సైకాలజిస్ట్ 1970ల నాటికే ఈ పద్ధతిని నొప్పి రోగులతో చేయించాడు. నేను పన్నెండు నిమిషాలు కూర్చోగలనంటే పది నిమిషాలకి ఫోన్లో టైమర్, మోగగానే లేవాలి, నొప్పి లేకపోయినా లేవాలి, అదే కష్టం. వారం తర్వాత పదకొండు, ఆ తర్వాత పదమూడు. నాలుగో నెలలో మంగళగిరి నుంచి విజయవాడ ఆఫీసుకి మళ్లీ బస్సులో వెళ్లాను.

ఆవిడే నేర్పిన రెండోది బాడీ స్కాన్. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ ఎనిమిది వారాల కోర్సు ఒకటి మొదలుపెట్టాడు, అందులోది ఇది. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ల కింద దిండు పెట్టుకుని, ఎడమ కాలి వేళ్ల నుంచి నడినెత్తి దాకా ఒక్కొక్క చోట ధ్యాస నిలుపుతూ రావాలి. మొదటి వారం నాకు నరకం, నొప్పి ఎక్కువైనట్టే అనిపించింది. మూడో వారంలో ఒక రాత్రి నడుము దగ్గర ఆగినప్పుడు, ఇన్నాళ్లూ ఒకటే నొప్పి అనుకున్నది విడివిడిగా తెలిసింది. ఎడమ పక్క రూపాయి బిళ్లంత మేర మంట, దాని కింద సన్నగా ఒక లాగుడు, ఆ లాగుడు కూడా ఊపిరితో పాటు పెరిగి తరుగుతోంది. ఇంకా పైన చూస్తే పళ్లు బిగబట్టుకుని ఉన్నాను, పొట్ట బిగించుకుని ఉన్నాను, వాటికి దెబ్బేమీ తగల్లేదే! పళ్లు వదిలేశాను. మంట పోలేదు. పక్కనుండి చూస్తున్నట్టుగా ఉంది, అంతే. ఆ రాత్రి నిద్రపట్టింది.

ఇది పరాయిదేం కాదు. మొదటి బాణం ఒంటికి తగిలితే, ఏడ్చి కుమిలి రెండో బాణం మనమే తగిలించుకుంటామని బుద్ధుడు చెప్పిన పోలిక పాళీ భాషలోని బౌద్ధ గ్రంథాలైన సుత్తాల్లోనే ఉంది. విపస్సన అనే బౌద్ధ ధ్యాన పద్ధతిని మళ్లీ భారతదేశానికి తెచ్చిన గోయెంకా గారు అసలు బర్మాలో ఉండగా భరించలేని మైగ్రేన్‌తోనే, 1955లో ఊ బా ఖిన్ అనే ధ్యాన గురువు దగ్గరికి వెళ్లారు. తలనొప్పి పోగొట్టుకోవడానికే అయితే రావొద్దని ఆ గురువు మొదట తిప్పి పంపారు. తర్వాత 1976లో గోయెంకా గారి తొలి కేంద్రాల్లో ఒకటైన ధమ్మఖేత్త మన హైదరాబాద్‌లోనే వచ్చింది. అయితే ఒకమాట, నొప్పి ముదిరి ఉన్నప్పుడు నేరుగా పది రోజుల కోర్సుకి వెళ్లి కూర్చోమని నేను ఎవరికీ చెప్పను, రోజుకి పది గంటల ధ్యానం అది. ఇంట్లో చాప మీద పది నిమిషాలతో మొదలుపెట్టడమే నయం.

పనిచేస్తుందా అంటే, 2016లో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనం చెప్తాను. 342 మంది దీర్ఘకాలిక నడుము నొప్పి వాళ్లు. ఆరు నెలలకి, రోజువారీ పనులు చేసుకోవడంలో చెప్పుకోదగ్గ మెరుగు కనపడినవాళ్లు మైండ్‌ఫుల్‌నెస్ (కబాట్-జిన్ కోర్సులో నేర్పే ధ్యాస నిలిపే సాధన) నేర్చుకున్న గుంపులో 61 శాతం, ఆలోచనలూ అలవాట్లూ మార్చే సీబీటీ గుంపులో 58 శాతం, మామూలు వైద్యంతో ఉన్న గుంపులో 44 శాతం. మంత్రమేసినట్టు మాయం చేసే వైద్యం కాదిది, తేడా అంతే, కానీ బిడ్డని ఎత్తుకోగలిగిన వాళ్లకి ఆ తేడా ఎంతో నాకు తెలుసు. 2021లో బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలు, వేరే కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పికి పారాసిటమాల్ గానీ ఓపియాయిడ్ (నల్లమందు జాతి) మాత్రలు గానీ మొదలుపెట్టొద్దని, వ్యాయామంతో పాటు ఇలాంటి మానసిక చికిత్సలు చూడమని చెప్పాయి. ఇప్పటికే వాడుతున్న మాత్రలు మాత్రం డాక్టరుని అడగకుండా ఆపొద్దు.

ఇంకోటి, ఇది ముఖ్యం. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం, విరేచనం అదుపు తప్పినా, జ్వరంతో గానీ, కారణం లేకుండా బరువు తగ్గుతూ గానీ నొప్పి వస్తున్నా, ధ్యానం పక్కనపెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. సైకాలజిస్ట్‌ని చూసుకునేటప్పుడు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని అడగడానికి మొహమాటపడొద్దు.

పిన్నికి గురువారం గుంటూరులో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. పొద్దున్నే తెనాలి వెళ్లి నేనే తీసుకెళ్తాను. "వాళ్లు నన్ను పడుకోబెడతారా, కూర్చోబెడతారా?" అని నిన్న మళ్లీ ఫోన్ చేసి అడిగింది. కూర్చోబెడతారు, నొప్పి వస్తే లేచి నిలబడి మాట్లాడొచ్చు, నేనూ అలాగే మాట్లాడాను అని చెప్పాను. "అయితే సరే" అంది.