మాక్రో లెన్సు అమ్మేశాక

మా పాప బుజ్జికి పరుగు వచ్చిన కొత్తలోనే నా 100 ఎంఎం మాక్రో లెన్సు అమ్మేశాను. మంచి లెన్సు. సీతాకోకచిలుక రెక్క మీది పొలుసులు కూడా విడివిడిగా కనిపించేవి. కాకపోతే అంత పెద్దగా రావాలంటే కెమెరా దానికి 30 సెంటీమీటర్ల దాకా పోవాలి. మోకాళ్ళ మీద పాక్కుంటూ, మన నీడ దాని మీద పడకుండా చూసుకుంటూ, ఊపిరి బిగబట్టి పోవాలి. వెనకనుంచి "మ్మా, నాకూ చూపియ్యి" అంటూ ఒక బిడ్డ పరిగెత్తుకొస్తుంటే ఆ 30 సెంటీమీటర్లు కాశీ అంత దూరం. ఇప్పుడు నా దగ్గరుండేది 55-250 ఎంఎం జూమ్ లెన్సు. 85 సెంటీమీటర్ల నుంచే ఫోకస్ పట్టేస్తుంది, బరువు తక్కువ. ఒక చేత్తో గౌను అంచు పట్టుకుని ఇంకో చేత్తో నొక్కొచ్చు. షట్టర్ వేగం సెకనులో 1/800 వంతుకి తగ్గకుండా పెట్టి, ఐఎస్ఓ (వెలుగుని పట్టే సున్నితత్వం) సంగతి కెమెరాకే వదిలేస్తా. ఫోటోలు మునుపటంత బాగా రావట్లేదు. బాధ లేదంటే అబద్ధమే.

పెళ్ళికి ముందు, తర్వాత కొన్నాళ్ళు కూడా, నా తిరుగుడంతా తిరుపతి దగ్గర తలకోన, మామండూరు అడవుల వైపే. తలకోన వాగు పక్కన తడి ఇసుక మీద తెల్లవీ పసుపువీ సీతాకోకచిలుకలు గుంపులుగా వాలి ఉంటే బోర్లా పడుకుని తీసేదాన్ని. ఇప్పుడు ఆ దారులు పట్టే ధైర్యం లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టనబెట్టుకున్నాక, ఈ ఊళ్ళో పిల్లలున్న ఏ తల్లీ శేషాచలం పొదల్ని మునుపటిలా చూడలేదు. నేను వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినంతసేపూ బిడ్డ ఎక్కడుందో నాకు కనపడదు. అంతే లెక్క. అడవి ఎక్కడికీ పోదు, బుజ్జి పెద్దదయ్యాక చూసుకోవచ్చు.

ప్రస్తుతానికి మా అడవి మా వీధి చివర ఖాళీ ప్లాటు. అన్నదమ్ముల మధ్య కోర్టు తగాదాలో ఉందంట, ఎవరూ చదును చేయించరు. అది తెగకూడదని నా మొక్కు. జిల్లేడు, తంగేడు, నేలంతా గడ్డిచామంతి. పొద్దున ఎనిమిదింటికి ఎండ కాస్త తగిలాక సీతాకోకచిలుకలు రెక్కలు విప్పి కాచుకుంటాయి. పదయ్యేసరికి వాటికి ఒళ్ళు వేడెక్కి కుదురు ఉండదు, బుజ్జికీ అంతే. ఆదివారం ఎప్పుడైనా చంద్రగిరి కోటకి పోతాం. అక్కడ తోటలో పూలు ఎక్కువే, కానీ జనం కూడా ఎక్కువే.

జిల్లేడాకు అడుగు చూడాలని బుజ్జికి నేను నేర్పలేదు. దాని ఎత్తుకి ఆ అడుగులు ఊరికే కనిపిస్తాయి, నడుం వంచాల్సింది నేనే. ప్లెయిన్ టైగర్ అనే చిలుక ఒక ఆకుకి ఒకటే గుడ్డు పెడుతుంది. తెల్లగా, ఒక మిల్లీమీటరు ఉంటుందేమో. పిల్లపురుగు బయటికొచ్చి ముందు ఆ పెంకునే తినేస్తుంది. పెరిగేకొద్దీ నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, ఒంటి మీద మూడు జతల నల్ల కొమ్ములు. ఆకు తినబోయే ముందు ఈనె కొరికి, పాలు కారిపోనిచ్చి, ఆ తర్వాత మొదలుపెడుతుంది. జిల్లేడు పాలు మన కంట్లో పడితే చూపుకే ప్రమాదం. అందుకని ఆకు తుంచకూడదు, తిప్పి చూడటం వరకే, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు. ఈ ఒక్క విషయంలో గారాబం లేదు.

రథసప్తమికి మాత్రం తుంచక తప్పదు. తలమీదా భుజాలమీదా పెట్టుకుని స్నానం చేయడానికి అత్తమ్మ ముందురోజు సాయంత్రం జిల్లేడాకులు తెమ్మంటుంది, మనిషికి ఏడు. నేను చెయ్యి పెట్టిన ప్రతి ఆకునీ బుజ్జి ముందు తిప్పి చూస్తుంది. "ఇది వద్దు, బేబీ ఉండాది." ఇంకోటి. "ఇదీ వద్దు." తెల్లారితే కొండ మీద సూర్యప్రభ వాహనం, ఇక్కడ మాకు ఆకులే పూర్తికాలేదు. చీకటి పడేదాకా ఆ ప్లాటులోనే నిలబడ్డాం.

పెరట్లో కరివేపాకు చెట్టుకి మా ఇంట్లో వాటాలు పడ్డాయి. ఇంటి వైపు కొమ్మలు అత్తమ్మ తాలింపుకి, గోడ వైపువి నా పురుగులకి. లైమ్ బటర్‌ఫ్లై, కామన్ మార్మన్ రెండూ దాని మీదే గుడ్లు పెడతాయి. పురుగు చిన్నగా ఉన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టే అనుకుంటాం, అది దాని రక్ష. ముదిరాక ఆకుపచ్చగా మారుతుంది. వేలు తగిలితే తల వెనకనుంచి ఎర్రటి జంట కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. "మ్మా, ఇది నన్ను ఎక్కిరిస్తా ఉండాది" అని బుజ్జి తన నాలుక కూడా చాపింది.

అందులో ఒకటి నడుముకి పట్టుదారం కట్టుకుని ప్యూపా అయింది, అంటే పురుగు లోపల చిలుకగా మారే దశ. బడి నుంచి రాగానే బ్యాగు కూడా దించకుండా దాని దగ్గరికే పరుగు. చిలుక బయటికొచ్చే ముందు ప్యూపా పైనుంచే రెక్కల రంగు కనిపించాలి. రోజులు గడుస్తున్నాయి, రంగు రావట్లేదు. ఒకరోజు పొద్దున చూస్తే ప్యూపాకి సన్నటి చిల్లు. అందులోంచి చీమకన్నా చిన్నవి, పచ్చగా మెరిసే కందిరీగలు ఒక్కొక్కటే బయటికొచ్చి మీసాలు తుడుచుకుంటున్నాయి. తల్లి కందిరీగ ప్యూపా ఇంకా మెత్తగా ఉన్నప్పుడే వచ్చి లోపల గుడ్లు పెట్టిపోతుంది. పిల్లలు లోపలిదంతా తిని పెరుగుతాయి.

"చిలక యాడికి పోయె?"

"వీళ్ళు తినేసినారు."

కాసేపు వాటినే చూసింది. "వీళ్ళకీ అమ్మ ఉండాదా?"

ఉందన్నాను. సరేనని ఇడ్లీ తినడానికి పోయింది. చిన్నబిడ్డకి ఇవన్నీ చెప్తారా అని అత్తమ్మ కోప్పడింది. కళ్ళముందు జరిగింది కదా, లేని కథ అల్లి చెప్పడం నాకు చేతకాదు. ఆ కందిరీగల ఫోటో మాత్రం జూమ్‌తో మసగ్గానే వచ్చింది. మాక్రో అమ్మినందుకు నిజంగా ఉసూరుమన్నది ఆ పూటే.

బుజ్జికి బాగా వంటబట్టిన గుర్తు ఒకటుంది. క్రిమ్సన్ రోజ్, కామన్ రోజ్ అనే చిలుకలు పురుగులుగా ఉన్నప్పుడు విషపు ఈశ్వరి తీగ తిని పెరుగుతాయి కాబట్టి పిట్టలు వాటి జోలికి పోవు. కామన్ మార్మన్ ఆడవాటిలో కొన్ని వాటిలాగే వేషం వేసుకుని బతికేస్తాయి. రెక్కలు చూస్తే పెద్దవాళ్ళు కూడా బోల్తాపడతారు. ఒళ్ళు చూడాలి. ఒళ్ళు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్. బుజ్జి భాషలో "ఎర్ర బొజ్జ, నల్ల బొజ్జ". యూనివర్సిటీ రోడ్డులో లాంటానా పొద దగ్గర అది గట్టిగా అరిచి చెప్తుంటే వాకింగుకి వచ్చిన పెద్దాయన ఒకరు తన పొట్ట చూసుకున్నారు.

మా అసలు సీజన్ అక్టోబర్ నుంచి, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక. బ్లూ టైగర్, క్రో అనే చిలుకలు నైరుతి వానలకి ముందు పడమటి కనుమల నుంచి తూర్పు కనుమల వైపు వచ్చి, ఆ రోజుల్లో తిరిగి పోతాయి. ఎండిన గిలిగిచ్చ మొక్క దొరికిందా, మగవన్నీ దాని మీదే వేలాడతాయి. ఆడవాటిని రప్పించే వాసన తయారుచేసుకోవడానికి కావాల్సిన సరుకు ఆ మొక్కలో ఉంటుంది. ఆ ధ్యాసలో పడితే బుజ్జి పక్కనే ఎండుకాయలు గలగలలాడించినా కదలవు. పిల్లలతో తీయడానికి ఇంతకంటే తేలికైన ఫోటో లేదు. అన్నట్టు బ్లూ టైగర్ శాస్త్రీయనామంలో మొదటి మాట తిరుమల. 1880లో మూర్ అనే శాస్త్రవేత్త ఆ ప్రజాతికి పెట్టిన పేరు. ఈ ముక్క చెప్పినప్పటినుంచి, ఎండలో బిడ్డనేసుకుని తిరుగుతానని అత్తమ్మ సణుగుడు సగం తగ్గింది.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. ప్లాటులో ఉండగా బుజ్జికి ఒంటికి వచ్చింది. గోడవార పోయించాను. మర్నాడు అదే తడి మట్టి మీద పసుపు చిలుకలు వాలి ఉన్నాయి. వాటికి పూల తేనెలో దొరకనిది ఉప్పు. తలకోన ఇసుకలో అవి పీల్చేదీ అదే. పీల్చేవి ఎక్కువగా మగవే, ఆ ఉప్పు జతకట్టినప్పుడు ఆడదానికి చేరుతుంది. తలకోనకి పోలేనని ఏడ్చేదాన్ని, తలకోన మా గోడ దగ్గరికే వచ్చింది. అప్పటినుంచి బయల్దేరేముందు బుజ్జి తనే చెంబుడు నీళ్ళు తాగుతోంది, అడగకుండానే.

చిలుకల్ని పట్టి ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారాక పువ్వు మీద కూర్చోబెట్టి తీసేవాళ్ళున్నారు. అలాంటి ఫోటోలకి లైకులు కూడా బాగా వస్తాయి. నా బిడ్డ పక్కనుండగా ఆ పని నేను చేయలేను, లేకపోయినా చేయను.

వచ్చే జూన్ నుంచి బడి పొద్దున ఎనిమిదిన్నరకే. మాకు మిగిలేది ఆదివారాలే. అందుకని మేడ మీద తొట్లలో మొక్కలు పెడుతున్నా. నిమ్మ పెట్టాను, తంగేడు గింజలు చల్లాను. రోజ్ చిలుకల కోసం ఈశ్వరి తీగ కావాలి. అడిగిన నర్సరీల్లో మనీప్లాంట్ చూపిస్తున్నారు. తిరుపతి, చిత్తూరు వైపు ఎవరి పెరట్లోనైనా ఉంటే ఒక కాయ ఇవ్వండి, వచ్చి తీసుకుంటాం. బుజ్జి కూడా వస్తుంది, మీ కరివేపాకు చెట్టు కాసేపు వదిలేయాల్సి ఉంటుంది.