ఫుట్‌బాల్ హెల్మెట్: పుర్రె దక్కింది, మెడ విరిగింది

బైక్ హెల్మెట్ లోపల ఉండేది థర్మోకోల్ లాంటి పదార్థం. గట్టి దెబ్బ తగిలితే అది నలిగి, ఆ నలగడంలోనే దెబ్బ జోరును మింగేస్తుంది. ఇక ఆ హెల్మెట్ పనికిరాదు. బంతిని చేత పట్టుకుని పరుగెత్తుతూ, ఒకరినొకరు ఢీకొని పడేసుకునే అమెరికన్ ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. ముందు వరసలో ఎదుటివాడిని ఢీకొనే ఆటగాడి తలకు ఒక్క సీజన్‌లోనే వందల దెబ్బలు తగులుతాయి కాబట్టి నలిగి మళ్లీ లేచే మెత్త కావాలి. అది దొరకడానికి చాలా కాలమే పట్టింది.

1893లో అమెరికా సైన్యం, నౌకాదళం కాలేజీ జట్ల మ్యాచ్‌కి ముందు, తలకి ఇంకో దెబ్బ తగిలితే పిచ్చెక్కడమో ప్రాణం పోవడమో ఖాయమని నౌకాదళ జట్టు ఆటగాడు జోసెఫ్ మేసన్ రీవ్స్‌ను డాక్టర్ హెచ్చరించాడట. అతను ఆట మానలేదు. చెప్పులు కుట్టేవాడితో ఓ టోపీ కుట్టించుకుని దిగాడు. (తర్వాత నౌకాదళంలో అడ్మిరల్ అయ్యాడు, బుర్ర బాగానే పనిచేసినట్టుంది.) ఆ పైన వచ్చిన తోలు టోపీలు చెవులు చిరగకుండా ఆపేవి, అంతే. తలకు అంటుకుని ఉండేవి కాబట్టి దెబ్బ నేరుగా పుర్రెకే చేరేది.

అసలు మలుపు 1939లో. షికాగోకు చెందిన జాన్ రిడెల్ కంపెనీ ప్లాస్టిక్ డిప్ప తెచ్చింది. ప్లాస్టిక్ కన్నా ముఖ్యం, లోపల అల్లిన బట్ట పట్టీలు. తల ఆ పట్టీల మీద ఆనుతుంది, డిప్పకు తగలదు. దెబ్బ ఒక్కచోట గుచ్చుకోకుండా పరుచుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుల హెల్మెట్లలోనూ ఇదే పద్ధతి. అయితే తొలినాటి ప్లాస్టిక్ పెళుసు, దెబ్బకు పగిలేది. 1948లో అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ నిషేధించి, మరుసటి ఏడాదే మళ్లీ అనుమతించింది.

1953లో క్లీవ్‌లాండ్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపే ఆటగాడు) ఆటో గ్రాహం ముఖానికి మోచెయ్యి తగిలి కుట్లు పడ్డాయి. కోచ్ పాల్ బ్రౌన్ అతని హెల్మెట్‌కు అడ్డంగా ప్లాస్టిక్ కమ్మీ బిగించి మళ్లీ ఆడించాడు. ముక్కులూ పళ్లూ దక్కడం అక్కడి నుంచే మొదలు.

చిక్కూ అక్కడిదే. డిప్ప గట్టిది, ముఖానికి కమ్మీ ఉంది, ఇక భయమెందుకు? ఆటగాళ్లు తల వంచి పొట్టేలులా పొడవడం నేర్చారు. మెడ మామూలుగా కాస్త వంపుతో ఉంటుంది, దెబ్బను స్ప్రింగులా తీసుకుంటుంది. తల ముందుకు వంచితే ఆ వంపు పోయి వెన్ను నిటారు కర్రలా అవుతుంది. నడినెత్తిన తగిలిన దెబ్బకు తల ఆగుతుంది, వెనక నుంచి ఒళ్లు వస్తూనే ఉంటుంది, మధ్యలో మెడ విరుగుతుంది. 1968లో ఆట దెబ్బలకే 36 మంది చనిపోయారు. 1969లో ఆట సామగ్రి భద్రతా ప్రమాణాల కోసం నాక్సే అనే సంస్థ ఏర్పడింది, 1973లో హెల్మెట్ ప్రమాణం వచ్చింది: నకిలీ తలకు హెల్మెట్ తొడిగి 60 అంగుళాల ఎత్తు నుంచి పడేసి కొలుస్తారు. నా లెక్కలో దానికన్నా ఎక్కువ పనిచేసింది 1976 నిబంధన, తలతో పొడవడాన్ని నిషేధించడం. పక్షవాతం కేసులు త్వరగానే తగ్గాయి. 1990లో ఆట దెబ్బతో నేరుగా ఒక్కరూ చనిపోలేదు.

మెదడు సంగతి వేరు. తల గిర్రున తిరిగితే పుర్రె లోపల మెదడు మెలిపడుతుంది. పై డిప్ప ఎంత గట్టిదైనా దాన్ని పూర్తిగా ఆపలేదు.

ఎంత మంచి హెల్మెట్ అయినా వదులుగా ఉంటే దండగే. ముందు అంచు కనుబొమల పైన సుమారు అంగుళం ఉండాలి. చెవి రంధ్రం చెవికి ఎదురుగా రావాలి, దవడ మెత్తలు బుగ్గలకు ఆనాలి. ముందు కమ్మీ పట్టుకుని అటూ ఇటూ తిప్పితే నుదుటి చర్మం కూడా కదలాలి. హెల్మెట్ ఒక్కటే జారితే వదులన్నమాట. గాలి నింపే మెత్తలున్న హెల్మెట్ అయితే తల మీద ఉండగానే పంపు కొట్టాలి, సూదికి గ్లిజరిన్ రాయకపోతే వాల్వ్ చిరుగుతుంది. జుట్టు కత్తిరించుకున్నా, చలి పెరిగి గాలి కుంచించుకున్నా మళ్లీ చూడాల్సిందే. డిప్పను థిన్నర్‌తో తుడవకండి: డిప్పలోని పాలికార్బొనేట్ ప్లాస్టిక్ కంటికి కనిపించకుండా పెళుసెక్కుతుంది.