కపిల మోకు, బెయిలీ వంతెన

తెల్లవారుజామున ఐదు గంటలకు తిరుపతిలో యూనివర్సిటీ వైపు నడకకు వెళ్తే, ఆ చీకట్లోనే పరిగెత్తే కుర్రాళ్ళు కనిపిస్తారు. అందరి గురీ ఒకటే, సైన్యంలో చేరడం. 1,600 మీటర్లు ఐదున్నర నిమిషాల్లో ముగిస్తే పరుగుకు పూర్తి మార్కులు. వాళ్ళలో మా వీధి పిల్లవాడొకడు మొన్న నా పక్కన నడుస్తూ అడిగాడు.

"తాతా, నాలుగేళ్ళకే ఇంటికి పంపే ఉద్యోగం ఎందుకురా అంటున్నాడు మా నాయన. పోవాలా, వద్దా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

నేను 1982లో సైన్యంలో చేరాను. మాది పలమనేరు దగ్గర పల్లె. రెండు రూపాయల బియ్యం ఇంకా రాని రోజులు. రోజూ రాగిసంకటి, చెనిక్కాయల ఊరిబిండి. వరన్నం పండగకే. కరెంటు మోటారు పెట్టే స్తోమత లేక నాయన ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలేవాడు. మోకు తెగితే ముడి వేసే పని నాది. తడిసినా జారని ముడి, విప్పాలంటే ఒక్క గుంజుకే వచ్చే ముడి జేజినాయన నేర్పాడు. దేశం కోసం చేరానని చెప్పను. మూడు పూటలా అన్నం, నెలనెలా ఇంటికి మనియార్డరు, అందుకే చేరాను. దేశం అంటే ఏమిటో లోపలికి వెళ్ళాకే తెలిసింది.

బెంగళూరులో అలసూరు చెరువు దగ్గర సైన్యం కోసం వంతెనలు కట్టే మద్రాస్ ఇంజినీర్ గ్రూపులో శిక్షణ. ఇనుప భాగాలు బిగించి అక్కడికక్కడే కట్టేది బెయిలీ వంతెన. దాని ప్యానెల్ పది అడుగుల పొడవు, దాదాపు 260 కిలోల బరువు. ఆరుగురం కలిసి మోయాలి. ఒకడు అడుగు తప్పితే మిగతా ఐదుగురి కాళ్ళూ నలుగుతాయి. ఆ ఆరుగురిలో తమిళులు, మలయాళీలు, కన్నడిగులు ఉండేవాళ్ళు. తాళ్ళ క్లాసులో నా ముడి చూసి ఉస్తాద్ అందరినీ పిలిచి చూపించాడు. మా కపిల ముడి! ఆ రోజు జేజినాయన గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

1987లో భారత శాంతి సేనలో శ్రీలంక వెళ్ళాం. మా చిత్తూరు వాళ్ళకు తమిళం చిన్నప్పుడే వస్తుంది కదా. జాఫ్నా దగ్గర ఒక పల్లెలో మందుపాతరలు వెతుకుతుంటే, ఒక ముసలమ్మ నా తమిళం విని, "నువ్వెవరి బిడ్డవయ్యా?" అని అడిగింది. చెప్పాను. తన ఇంటి దారిలో ఎక్కడెక్కడ అడుగు పెట్టకూడదో చేత్తో చూపించింది. ఆ యుద్ధంలో మనవాళ్ళు వెయ్యి మందికి పైగా చనిపోయారు. నేను తిరిగొచ్చాను. ఇంతకంటే రాయలేను.

నిద్ర పట్టనివ్వని లెక్క ఇదే. 1982కి నాలుగు కలిపితే 1986. అప్పుడే నన్ను ఇంటికి పంపి ఉంటే? హిందీ వచ్చేది, వంతెన కట్టడం వచ్చేది. ఊళ్ళో బావి ఎండిపోయి ఉండేది. పింఛను లేదు. మనిషిగా నేను గట్టిపడింది ఆ తర్వాతే. 24 ఏళ్ళు చేసి హవల్దారుగా దిగాను కాబట్టే ఈ రోజు ఎవరి ముందూ చెయ్యి చాచకుండా బతుకుతున్నాను.

2022లో వచ్చిన అగ్నిపథ్‌లో చేరిన సైనికుల్లో నాలుగేళ్ళ తర్వాత నూటికి పాతిక మంది వరకే ఉంచుకుంటారు. మిగతావాళ్ళకు దాదాపు 11 లక్షల 70 వేలు ఇచ్చి పంపుతారు. ఆ పిల్లవాడి నాయన భయంలో తప్పేమీ లేదు. పిరికితనం అనుకోకూడదు.

ఈ పొద్దున వాడితో చెప్పాను. "పో నాయనా. కానీ ముందు ఐటీఐ ముగించు. టెక్నికల్‌లో దానికి అదనపు మార్కులున్నాయి. నాలుగేళ్ళలో ఏ పని నేర్పినా కాదనకుండా నేర్చుకో. వచ్చే డబ్బు ఇంటి మిద్దెకు పెట్టొద్దు. మీ నాయనతో నేను మాట్లాడతాను."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "నాకింకా ఆరు నిమిషాలు పడుతోంది తాతా" అన్నాడు.

రేపటి నుంచి వాచీ నేను పట్టుకుంటాను.