ములినూ పచ్చిక నుంచి లోతోఫఙా దాకా

అపియా నగరానికి పడమటి కొసన, సముద్రంలోకి సన్నగా చొచ్చుకుపోయిన ములినూ అనే చోట పసిఫిక్ ద్వీప దేశమైన సమోవా పార్లమెంటు ఉంది. 2025 అక్టోబరులో నేను ఆక్లండ్ నుంచి అంత దూరం వెళ్లింది ఆ భవనం ముందున్న పచ్చికను చూడాలని. 2021 మే 24న, ఎన్నికలు జరిగిన 45వ రోజున, అంటే రాజ్యాంగం ప్రకారం కొత్త సభ కొలువు తీరవలసిన ఆఖరి రోజున, గెలిచిన పక్షం వచ్చేసరికి ఇక్కడి తలుపులకు తాళాలు పడి ఉన్నాయి. ప్రధాన న్యాయమూర్తి తన కొలువు దుస్తుల్లోనే నడిచివచ్చి, తలుపు తెరుచుకోకపోవడంతో వెనుదిరిగారు. ఆ మధ్యాహ్నం ఈ పచ్చికలోనే గుడారం వేసి, ఆ పక్షం నాయకురాలు ఫియామే నవోమీ మతాఆఫా ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆ ప్రమాణం చెల్లుతుందని అప్పీలు కోర్టు తేల్చిన జూలై 23 వరకూ ఆమె ఓపిక పట్టారు. 22 ఏళ్లకు పైగా ప్రధానిగా ఉన్న తుయిలాఎపా ఆ తీర్పు తర్వాతే పక్కకు తప్పుకున్నారు.

గడ్డి పొట్టిగా, తడిగా ఉంది. గుడారపు గుంజలు ఎక్కడ పాతారో చెప్పే గుర్తు ఏదీ నాకు కనిపించలేదు. ఒక దేశపు మొదటి మహిళా ప్రధాని ప్రమాణం చేసిన నేల అంత మామూలుగా ఉండడం నన్ను చాలాసేపు అక్కడే నిలబెట్టింది.

సమోవాలో శాసనసభకు పోటీ చేయాలంటే ముందు మతాయి కావాలి. అంటే ఒక పెద్ద కుటుంబం తన యజమానిగా ఎంచుకుని, తరతరాల బిరుదును కట్టబెట్టిన మనిషి అయి ఉండాలి. ఫియామే అన్నది అలాంటి బిరుదే కాని, పుట్టినప్పుడు పెట్టిన పేరు కాదు. దేశపు తొలి ప్రధాని అయిన ఆమె తండ్రి 1975లో మరణించారు. వెల్లింగ్టన్‌లో చదువుకుంటున్న ఆమె, తండ్రి బిరుదుల వారసత్వంపై కోర్టు వ్యవహారాలు నడుస్తుండగా 1977లో స్వదేశానికి తిరిగి వచ్చారు; మరుసటి ఏడాది, ఇరవై ఒక్కేళ్ల ప్రాయంలో ఫియామే అయ్యారు. 1985లో సభలో అడుగుపెట్టారు. అప్పట్లో ఓటు కూడా మతాయిలకే ఉండేది. 21 ఏళ్లు నిండిన అందరికీ ఆ హక్కు వచ్చింది 1990 ప్రజాభిప్రాయ సేకరణ తర్వాతే. 1991లో ఆమె విద్యామంత్రి అయ్యారు. మంత్రివర్గంలో తొలి మహిళ ఆమే.

2020 సెప్టెంబరులో ఉపప్రధాని పదవిని ఆమె ఎందుకు వదులుకున్నారో నాకు ములినూలోనే సరిగా బోధపడింది. భూములు, బిరుదుల తగాదాలు తీర్చే న్యాయస్థానాన్ని సుప్రీంకోర్టు పరిధి నుంచి వేరు చేసే బిల్లులను తుయిలాఎపా ప్రభుత్వం తెచ్చింది. బిరుదు కోసం కోర్టు మెట్లెక్కడం ఎలా ఉంటుందో యవ్వనంలోనే ఎరిగిన మనిషి, ముప్పై అయిదేళ్లుగా తనదైన పార్టీని ఆ న్యాయవ్యవస్థ కోసమే విడిచిపెట్టారు. ఆమె జీవితంలో నన్ను అన్నిటికంటే కదిలించిన ఘట్టం గుడారంలో చేసిన ప్రమాణం కాదు, ఇదే.

మర్నాడు లే మాఫా కనుమ దాటి దక్షిణ తీరాన ఆమె నియోజకవర్గమైన లోతోఫఙాకు వెళ్లాను. సమోవన్లు రోమన్ లిపిలో 'జి' అని రాసి, 'ఙ' అని పలుకుతారు. చిన్నప్పుడు అక్షరమాలలో దిద్ది, ఆనక మనం మరిచిపోయే అక్షరం వాళ్ల నోట రోజంతా వినిపిస్తుంది. ఊరి చివర తో సువా అనే లోతైన గుంట ఉంది. నిట్టనిలువు నిచ్చెన పట్టుకుని, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగితే అడుగున పచ్చని ఉప్పునీరు. 2009లో ఈ తీరాన్ని సునామీ ముంచెత్తింది.

దారి పక్క కొట్లో కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చిన పెద్దావిడను ఎన్నికల గురించి అడిగాను. ఆ ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో ఫియామే కొత్త పార్టీకి దేశమంతటా దక్కినవి మూడు స్థానాలు. ప్రధాని పదవి పోయింది, లోతోఫఙా మాత్రం నిలిచింది. "ఆమె మా ఇంటి మనిషి" అని ఆవిడ కత్తి పక్కన పెట్టి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చారు.

తిరుగు దారిలో మరో ఊరు చేరేసరికి సాయంకాలం శంఖం ఊదారు. అది ఇంటింటా ప్రార్థన జరిగే వేళ. అప్పుడు వీధిలో ఎవరూ తిరగకూడదన్నది మతాయిల సభ పెట్టిన కట్టుబాటు. డ్రైవరు కారును పక్కకు తీసి ఇంజను ఆపాడు. గోడలు లేని ఇళ్లలోంచి పాట వినిపిస్తూ ఉంది. పావుగంట తర్వాత శంఖం మళ్లీ మోగాక బయలుదేరాం.